శాపం బడి గేటు దగ్గర ఆగదు

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నేను పుట్టింది ఎర్రగుంట్ల పక్క పల్లెలో. పెళ్లయినాక ప్రొద్దుటూరులో ఉంటున్నాం. నాకు 38 ఏళ్లు, ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచర్ని. మా అబ్బ సారా తాగొచ్చి అవ్వను కొట్టేవాడంట. మా నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయనా తాగేవాడు, అమ్మనూ మమ్మల్నీ బెల్టుతో కొట్టేవాడు. 1995లో మద్యనిషేధం వచ్చినాక రెండేళ్లు చుక్క ముట్టలేదు. అయినా మాకు దెబ్బలు తప్పలేదు. ఇప్పుడు బెంగళూరులో తమ్ముడిదీ అదే దారి. మరదలు రాత్రిపూట ఫోన్ చేసి ఏడుస్తుంది.

నేను 2009లో మారుమనసు పొంది బాప్తిస్మం తీసుకున్నా. నా ఇంట్లో ఇవేవీ ఉండవనుకున్నా. మా పాపకు ఎనిమిదేళ్లు. లెక్క తప్పు చేసినా, పాలు ఒలకబోసినా నా చెయ్యి లేస్తోంది. నోట్లోంచి నాయన తిట్లే వస్తున్నాయి. పోయిన నెల అటక మీది స్టీలు డబ్బా తీద్దామని చెయ్యెత్తినా. పక్కనున్న పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూలబడింది. నేనేమీ అనలేదమ్మగారూ, డబ్బా కోసం ఎత్తినానంతే. బడిలో 37 మంది పిల్లలున్నారు, ఒక్కరి మీదా ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. అది తలచుకుంటే ఇంకా సిగ్గవుతుంది.

ఊరికి వచ్చిన ఒక సేవకుడు ఇది పితరుల శాపం, మూడు రాత్రులు ఉపవాస కూటం పెట్టి కట్లు తెంచాలి, పదివేలు కానుక పెట్టమ్మా అన్నాడు. అమ్మ పోయినేడు చనిపోయింది. నాయనకు 67, ఒంటరిగా ఉన్నాడు, ఇంకా తాగుతాడు. నన్ను నీ ఇంటికి పిలుచుకోని పో అంటున్నాడు. తండ్రిని సన్మానించమని బైబిల్లో లేదా అని తమ్ముడు. నీ ఇష్టం అని మా ఆయన. అసలు నాకు రక్షణ ఉందా? ఈ శాపం పోయేదెట్ల?

సమాధానం: తల్లీ, నువ్వు మా పెద్దమ్మాయి కంటే ఒక ఏడాది చిన్నదానివి. అందుకే నిన్ను నువ్వు అనే పిలుస్తున్నా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. ప్రతిసారీ ఆ 37 మంది పిల్లల దగ్గరే ఆగిపోయా. నువ్వు సిగ్గుపడుతూ రాసిన ఆ మాటలోనే నాకు ఆశ కనబడింది. పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా గోల చేసే పిల్లలు, లెక్కలు తప్పు చేసే పిల్లలు, నీళ్లు ఒలకబోసే పిల్లలు. వాళ్ల మధ్య నీ చెయ్యి నీ మాట వింటోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టకూడదంది. ఆ చట్టమంటే భయమో, ఉద్యోగమంటే భయమో, పదిమంది చూస్తారనో, ఏదైనా కానీ, ఏడు గంటలసేపు ఆ చెయ్యి అదుపులో ఉంటోంది. అది నిజంగా శాపమే అయితే బడి గేటు దగ్గర ఆగుతుందా? ఇంటికొచ్చేదాకా ఓపిక పడుతుందా?

మీ నాయన సంగతీ చూడు. ఆయన ఫ్యాక్టరీలో మేస్త్రీ మీద ఎన్నడైనా చెయ్యి చేసుకున్నాడా? నువ్వు రాయలేదు గానీ, చేసుకుని ఉంటే పని నిలిచేది కాదు. అన్నేళ్లూ ఆ చెయ్యి తిరిగి కొట్టలేనివాళ్ల మీదే లేచింది. నిషేధం ఉన్న ఆ రెండేళ్లు తాగకుండానే కొట్టాడంటే, తాగుడు వేరు, కొట్టుడు వేరు. రెండూ ఒకే ఇంట్లో ఉంటే మనం ఒకటే అనుకుంటాం. “తాగితే మనిషి కాదు గానీ, తాగకుంటే బంగారం” అని మన ఆడవాళ్లు చెప్పుకునే మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, ఆ బంగారం విరగ్గొట్టిన చేతులకు కట్లు కట్టినదాన్ని.

ఇక ఆ సేవకుడి మాట. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, ఆయన్ను నిందించను. ఆయన చెప్పింది మాత్రం తప్పు. డబ్బులు ఇవ్వవద్దు. క్రీస్తు మనకోసం శాపమయ్యాడని గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. ఆయన మోసేసినదానికి నీ దగ్గర మళ్లీ పదివేలు ఎందుకు? తండ్రుల దోషం మూడు నాలుగు తరాల మీదికి వస్తుందన్న నిర్గమకాండం మాట చూపించి భయపెడతారు. ఆ వెంటనే ఉన్న వచనం చదవరు. తనను ప్రేమించేవారిని దేవుడు వెయ్యి తరాల వరకు కరుణిస్తానన్నాడు. మూడు నాలుగు ఎక్కడ, వెయ్యి ఎక్కడ?

యెహెజ్కేలు ప్రవక్త కాలంలోనూ జనం ఇట్లే అనుకున్నారు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని ఒక సామెత పెట్టుకుని తిరిగారు. ఆ సామెత ఇక మీ నోట రాకూడదని దేవుడు ఒట్టు పెట్టుకుని మరీ చెప్పాడు. ఆయన గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం మొత్తం నిదానంగా చదువు. తండ్రి చేసినవన్నీ చూసి, ఆలోచించుకుని, అట్లా చేయకుండా బతికిన కొడుకు గురించి ఉంటుంది. నాకు ఆ ‘ఆలోచించుకుని’ అన్నచోట మనసు నిలుస్తుంది. ఆ కొడుకు కూటం పెట్టించలేదు. తండ్రిని కళ్లారా చూశాడు, కూర్చుని ఆలోచించాడు. నువ్వు ఈ ఉత్తరం రాయడమూ ఆ పనే.

పేతురు తన మొదటి పత్రికలో దీన్ని ఏమని పిలిచాడో చూశావా? “పితృపారంపర్యమైన మీ వ్యర్థప్రవర్తన” అన్నాడు. మన తెలుగు బైబిల్లో ఆ మాట అంత స్పష్టంగా ఉంది. తాతల నుంచి వచ్చిందని ఒప్పుకున్నాడు, దాచలేదు. దానికి పెట్టిన పేరు మాత్రం ప్రవర్తన. దానినుంచి మనల్ని విడిపించడానికి ఇచ్చిన వెల వెండి బంగారాలు కాదు, క్రీస్తు రక్తం అన్నాడు. ప్రవర్తన అంటే నేర్చుకున్నది. నేర్చుకున్నదాన్ని మానుకోవచ్చు, దాని చోట కొత్తది నేర్చుకోవచ్చు. శాపమన్నామా, ఇంట్లో ఎవరికీ పూచీ ఉండదు. మీ నాయన “నా ఖర్మ, మా వంశమే అంత” అని గ్లాసు ఎత్తుతాడు. మీ తమ్ముడూ అంతే. రేపు నువ్వూ ఆ మాటే అంటావేమోనని నా భయం.

బాప్తిస్మం తీసుకున్నా ఎందుకు పోలేదని అడిగావు. మన కడపోళ్లు ఉద్యోగానికి విజయవాడ పోతారు. ఇరవై ఏళ్లు అక్కడే ఉంటారు. మాట మారుతుంది, ‘ఎట్ల’ పోయి ‘ఎలా’ వస్తుంది. పక్కవాళ్లు వీళ్లది ఏ ఊరో పోల్చుకోలేరు. ఒక్కసారి ఒళ్లు మండిందనుకో, సీమ యాస తన్నుకొచ్చేస్తుంది. అంతమాత్రాన ఆ మనిషి విజయవాడలో లేడంటామా? ఇల్లు అక్కడే, రేషన్ కార్డు అక్కడే. నాలుక మీద పడిన మొదటి అచ్చు కోపంలో బయటపడిందంతే. నీ రక్షణా అట్లాంటిదే తల్లీ. నువ్వు ఎవరి ఇంటి బిడ్డవో 2009లోనే తేలిపోయింది. ఐదారేళ్ల వయసులో, బెల్టు చప్పుడు వింటూ మంచం కింద దూరి నేర్చుకున్న భాష ఇంకా ఒంట్లో ఉంది. అలసిపోయినప్పుడు, ఆకలేసినప్పుడు, భయపడినప్పుడు అదే ముందు వస్తుంది.

నా సంగతి చెబుతా. మా అమ్మ ఎవరినీ కొట్టలేదు. కోపమొస్తే మాట్లాడటం మానేసేది. మూడు రోజులు, ఒక్కోసారి వారం. పళ్లెం ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆ మౌనం కంటే దెబ్బే నయమని నేను ఏడ్చిన రాత్రులున్నాయి. నాకు పెళ్లయింది, మా ఆయన అయ్యగారు. ఆదివారం ఆయన గుడిలో సమాధానం గురించి ప్రసంగం చెబుతుంటే, నేను గురువారం నుంచి ఆయనతో మాట్లాడకుండా ముందు బల్ల మీద కూర్చుని ఆమెన్ అనేదాన్ని. ఒకరోజు మా చిన్నోడు, ఆరేళ్లవాడు, “అమ్మా, నువ్వు నాతో మాట్లాడుతున్నావా ఇయ్యాల?” అని అడిగాడు. పొద్దున లేచి అడిగే మాటా అది! ఆ రోజే నేను మారిపోలేదు. పదేళ్లు పట్టింది. ఇప్పటికీ కోపమొస్తే నా నోరు దానంతటదే మూసుకుపోతుంది. “నాకు కోపంగా ఉంది, గంట తర్వాత మాట్లాడతా” అని పైకి చెప్పడం నేర్చుకున్నా. ఆ ఒక్క వాక్యం కోసం ఎన్ని ప్రార్థనలు చేశానో ప్రభువుకే తెలుసు.

కాబట్టి నీ ఇంట్లో ఈ రోజు నుంచి ఏం చేయాలో మాట్లాడుకుందాం.

ముందు పాపకు క్షమాపణ చెప్పు. పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే క్షమాపణలో ఒక మోసం ఉంటుంది. “కొట్టినందుకు సారీ, కానీ నువ్వు కూడా హోంవర్కు...” అంటాం. ఆ ‘కానీ’ వచ్చిందంటే తప్పు మళ్లీ బిడ్డ నెత్తిన పడినట్టే. కింద కూర్చో, పాప కళ్లకు సమానంగా. “నేను నిన్ను కొట్టాను. అది నా తప్పు. నువ్వు ఏం చేసినా కొట్టాల్సిన పని లేదు. నా కోపాన్ని నేను సరిచేసుకుంటున్నా” అని ఆపేయి. పాప ఏమీ అనకపోవచ్చు, టీవీ వైపు తిరగొచ్చు. కౌగిలించుకోమని అడగవద్దు, “అమ్మను క్షమించావా” అని అసలే అడగవద్దు. ఆ బరువు ఎనిమిదేళ్ల బిడ్డది కాదు.

తర్వాత ఒక నోటు పుస్తకంలో మూడు వారాలు రాయి. చెయ్యి లేచిన రోజు, లేవబోయిన రోజు, టైము ఎంత, నువ్వు అన్నం ఎప్పుడు తిన్నావు, అంతకుముందు ఎవరితో ఫోన్ మాట్లాడావు. నాకు తెలిసి సాయంత్రం ఐదున్నరకూ ఏడున్నరకూ మధ్య ఎక్కువ ఉంటాయి. బడి నుంచి వచ్చి, కాఫీ కూడా తాగకుండా, గ్యాస్ మీద కుక్కరు పెట్టి, ఒక చేత్తో లెక్కల పుస్తకం పట్టుకునే వేళ అది. ఆ పుస్తకంలో నాయన ఫోన్ వచ్చిన రోజులూ కనబడతాయేమో చూసుకో. ఆ రెండు గంటలూ పాప లెక్కలు మీ ఆయనకు అప్పజెప్పు. నీ ఇష్టం అన్నాడన్నావు కదా, ఆయన మంచితనం అక్కడే ఆగితే చాలదు, లెక్కల పుస్తకం దాకా రావాలి.

చెయ్యి వేడెక్కడం నీకు ముందే తెలుస్తుంది, గమనించు. భుజం బిగుస్తుంది, పళ్లు కరుచుకుంటాయి. అప్పుడు “అమ్మ బయటికి పోతోంది, మళ్లీ వస్తుంది” అని చెప్పి వాకిట్లోకి పో. ముఖం కడుక్కో. ఇది నేను కనిపెట్టింది కాదు. అన్నలు బానిసగా అమ్మేసిన యోసేపు, ఏళ్ల తర్వాత తమ్ముడు బెన్యామీనును చూసి తట్టుకోలేక లోపలి గదిలోకి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని, తనను తాను అదుపు చేసుకుని బయటికొచ్చి అన్నం వడ్డించమన్నాడు. ఐగుప్తును ఏలేవాడికే ఒక గది, కాసిని నీళ్లు కావాల్సి వచ్చాయి.

“బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి” అన్న సామెతల గ్రంథం వచనం ఎవరో ఒకరు నీకు గుర్తుచేస్తారు. సంఘంలో ఉన్నదాన్ని, నాకు తెలుసు. అనంతపురం పక్క గొర్రెల కాపర్లను చూడమని వాళ్లకు చెప్పు. దావీదు కూడా కాపరే కదా, నీ దుడ్డుకఱ్ఱ నన్ను ఆదరించునన్నాడు. మన కాపరి కర్రతో గొర్రె వీపు పగలగొట్టడు. దారి తప్పేదాన్ని పక్కనుంచి తాకి మళ్లిస్తాడు, కంప పక్కకు నెడతాడు, ఎండాకాలం మేత లేకుంటే దోటితో తుమ్మ కొమ్మ వంచి అందిస్తాడు. తన ఒంటి మీది కోపం తీర్చుకోవడానికి కర్ర ఎత్తినవాడి వెనక మంద నడవదు. తండ్రులారా, మీ పిల్లలకు కోపం రేపకండని పౌలు రాసింది కూడా ఆ బైబిల్లోనే ఉంది.

ఇదంతా నీలో నువ్వే దాచుకోవద్దు. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు రాశాడు. అట్లని ఉపవాస కూటంలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పమనడం లేదు. మీ నాయన కథ సోమవారానికల్లా ఊరంతా తిరుగుతుంది. సంఘంలోని ఆడవాళ్ల కూటం, స్త్రీల మైత్రిలో నోరు కట్టుకోగల పెద్దామె ఒకరుంటారు, ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆమెకు వారం వారం ఆ నోటు పుస్తకం చూపించు. రాత్రిళ్లు నిద్ర పట్టకుంటే, పాత సంగతులు కళ్లముందు తిరుగుతుంటే 14416కు ఫోన్ చెయ్యి. టెలీమానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం తక్కువని ఎవరన్నా అంటే, సువార్త రాసిన లూకా వైద్యుడని చెప్పు.

ఇప్పుడు మీ నాయన. ఇది కష్టమైన ప్రశ్న. నేను చెప్పేది నీకు సగమే నచ్చుతుందేమో.

ఆయన్ను ఈ పరిస్థితిలో నీ ఇంట్లోకి తెచ్చుకోవద్దు. చెయ్యెత్తితే కూలబడే బిడ్డ ఉన్న ఇంట్లో, రోజూ తాగే మనిషిని, ఒకప్పుడు బెల్టు పట్టిన మనిషిని పెట్టకూడదు. ఇట్లా చేస్తే ఆయన్ను క్షమించనట్టు కాదు. మళ్లీ యోసేపు దగ్గరికే వస్తా. పదిహేడేళ్లప్పుడు అమ్మేసిన అన్నలు 22 ఏళ్ల తర్వాత ఎదురుగా నిలబడ్డారు. పగ తీర్చుకోలేదు, సంచుల నిండా ధాన్యం పోయించాడు, వాళ్ల డబ్బు కూడా తిరిగి వాళ్ల సంచుల్లోనే పెట్టించాడు. కానీ “నేను యోసేపును” అని వెంటనే చెప్పలేదు. బెన్యామీనును కూడా తనలాగే వదిలేసి పోతారా, లేక మారారా అని చూశాడు. ఆ పిల్లవాడి బదులు నేను బానిసగా ఉంటానని అన్న యూదా ముందుకొచ్చాకే నోరు విప్పాడు. తిండిగింజలు మొదటిసారి వచ్చినప్పుడే ఇచ్చాడు, గుట్టు విప్పడానికి మాత్రం ఆగాడు. నువ్వూ అట్లా ఆగవచ్చు.

అన్నం మాత్రం పెట్టాల్సిందే. ఇది నచ్చని సగం. కొర్బాను, అంటే ఇది దేవుడికి అర్పించేశా అని దేవుడి పేరు చెప్పి తల్లిదండ్రులకు పెట్టడం ఎగ్గొట్టినవాళ్లను యేసు గట్టిగా మందలించాడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం కూడా ఆ బాధ్యత కొడుకుదీ కూతురిదీ. వచనాలు చెప్పే తమ్ముడిని నెలనెలా డబ్బు పంపమను. మీ వీధికి రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు చూడు. పొద్దున, రాత్రి క్యారియర్ పంపు. చేతికి డబ్బులివ్వకు, మందులు నువ్వే కొనివ్వు. ఆదివారం గుడి అయినాక మీ ఆయనతో కలిసి పాపను తీసుకుపోయి అరగంట కూర్చో. తాగి ఉంటే గడప దగ్గరినుంచే “రేపు వస్తాం నాయనా” అని తిరిగి రా. అరవద్దు, వాదించవద్దు. పాపను ఆయన దగ్గర ఒంటరిగా ఎప్పుడూ విడవద్దు.

మానేస్తానంటే సంతోషించు, కానీ ఇంట్లో మాన్పించకు. ఉజ్జీవ కూటాల్లో చెయ్యెత్తి ఇక ముట్టనని ప్రమాణం చేసిన ఒకాయన్ను మూడోనాడు మా ఆసుపత్రికి మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, చీమలు పాకుతున్నాయని దుప్పటి దులుపుతూనే ఉన్నాడు. దయ్యం వదిలిపోతూ పీడిస్తోందని వెంట వచ్చినవాళ్లు నీళ్లు కూడా పట్టకుండా ప్రార్థన చేస్తున్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి చలించి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుగారు నిద్రకు ఇంజెక్షన్లు, బి1 విటమిను ఎక్కించారు. నాలుగోరోజు లేచి గంజి అడిగాడు. ఆయన ప్రమాణం నిజమైనదే, ఒంటికే వైద్యం కావాల్సి వచ్చింది. మీ నాయన్ను కడప రిమ్స్‌లో మానసిక వైద్యులకు చూపించు. మత్తు మాన్పించే సలహాకు 14446 ఉంది, దానికీ డబ్బులు పడవు.

మరదలికి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. “ఓర్చుకో, ప్రార్థన చేస్తున్నాం” అని మీ అమ్మకు అందరూ చెప్పిన మాటను నువ్వు ఆమెకు చెప్పవద్దు. దెబ్బలు పడే వేళ 112, తర్వాత సాయానికి 181 అని నంబర్లు రాయించు. భర్త ఇంట్లోనే ఉంటూ రక్షణ అడిగే హక్కు 2005 నాటి గృహహింస చట్టం ఇచ్చిందని చెప్పు. ఆడబిడ్డ తన పక్షాన నిలబడిందంటే ఆమెకు ఎంత ధైర్యమో నీకు నేను చెప్పాలా?

పాప ఇప్పుడిప్పుడే నమ్మదు తల్లీ. నువ్వు రెండు నెలలు కొట్టకున్నా, మూడో నెలలో గాజు గ్లాసు పగిలితే మళ్లీ తల మీద చేతులు పెట్టుకుంటుంది. అది చూసి బాధతో కోపం తెచ్చుకోవద్దు. “కొట్టనని చెప్పినా కదా!” అని అరవవద్దు. ఆ ఒంటికి నీ మాట అర్థం కావడానికి టైము పడుతుంది. అంతదాకా ఒక చిన్న పని చెయ్యి. అటక మీదినుంచి ఏదైనా దించేటప్పుడు, చెయ్యి ఎత్తకముందే చెప్పు: “పాపా, డబ్బా తీస్తున్నా.”